మూడు ఐసు ముక్కలు

పోయిన వారం సాధనను ఫ్రిజ్ ముందు, చేతిలో ఖాళీ గిన్నెతో నిలబెట్టి వచ్చేశాం. మరచిపోయిన వాళ్ల కోసం సంగతి ఇంకోసారి చెబుతాను.

కొత్తపేటలో మూడో అంతస్తు ఫ్లాటు. లోపలి గదిలో మంచం మీద సాధన తండ్రి దేవానందం. ముప్ఫై ఏళ్లు బస్సు తోలిన మనిషి. జనవరిలో పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది, ఎడమ చెయ్యి ఒక్కటి మిగిలింది. ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కితే అవునని, రెండుసార్లు నొక్కితే కాదని. తండ్రీ కూతుళ్ల మాటలన్నీ ఇప్పుడు ఆ నొక్కుళ్లే. బిగుసుకుపోయిన కుడి పిడికిలికి రోజూ సాయంత్రం ఐసు రుద్దితే గానీ వేళ్లు విచ్చుకోవు. అందుకని, నెల కింద, తలుపుకున్న మీట నొక్కితే ఐసు ముక్కలు గిన్నెలో రాలే పెద్ద ఫ్రిజ్ కొన్నారు. అది మూడు వారాలుగా మొరాయిస్తోంది.

ఇక సాధన భర్త జోయల్. సాయంత్రం నాలుగింటి నుంచి ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని షిఫ్టు చేస్తాడు. సాధన ఎల్బీనగర్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబులో పనికి పోయిన పగలంతా మామ బాధ్యత అతనిదే. "కిష్టమ్మ ఎప్పుడు జూసినా కునుకే. మామను పక్కకు గూడ తిప్పుతలేదు. నేనుండంగ బయటి మనిషెందుకు?" అన్నాడు రెండు నెలల క్రితం. ఆ మాటకు సాధన పొంగిపోయింది. ఆరేడు వారాలుగా నాన్నను చంటిపిల్లాడిలా చూసుకుంటున్న కిష్టమ్మను ఉన్నపళంగా మాన్పించేసింది. ఇట్లాంటి అల్లుడు మాకూ ఉంటే బాగుండునని చర్చిలో ఆడవాళ్లు ఆమె ముఖం మీదే అంటారు. అన్నప్పుడల్లా ఆమెకు కడుపు నిండిపోతుంది.

నిండిన ఆ కడుపులో చిచ్చు పెట్టింది ఓ ఐసుగడ్డ. ఎట్లాగో వినండి.

శనివారం సాయంత్రం జోయల్ చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోయాడు. కంపెనీ మనిషిని పిలుస్తానని మూడు వారాలుగా వాయిదాలు వేస్తున్న భర్త మీద విసుగు పుట్టి, సాధన తనే లింగస్వామికి ఫోను చేసింది. రైతుబజారు వెనక గల్లీలో అతనికి చిన్న రిపేరు దుకాణం ఉంది. నల్లగొండ పక్క మనిషి. సంచీ నేల మీద పెట్టి, ఫ్రిజ్‌ను పైనుంచి కిందికి ఓ చూపు చూసి, "ముందుగాల నువ్వేమేం జేసినవో చెప్పు మేడం. అటెన్క నేను ముట్టుకుంట," అన్నాడు.

సాధనకు పరీక్షలు చెయ్యడం కొత్తా? వరసగా అప్పజెప్పింది. "మీటకు లాక్ పడ్డదేమో అని చూసిన. పడలే. ఎనక నీళ్ల పైపు వంగిందేమో అని ఫ్రిజ్ జరిపి చూసిన. మంచిగనే ఉన్నది. మీట నొక్కితే లోపల మోటర్ తిరుగుతున్న చప్పుడొస్తుంది. ఐసు డబ్బా బయటికి తీసి చూస్తే ముక్కలన్ని అతుక్కుని ఒక్క గడ్డ అయినయి. వేడి నీళ్లు వోసి, విడగొట్టి, తుడిచి మళ్ల పెట్టిన. రెండు రోజులు మంచిగొచ్చింది. మళ్ల గడ్డ. గిట్ల మూడుసార్లయిందన్నా."

"శెభాష్. రేపటి సంది మా షాపుకొచ్చెయ్యి," అని నవ్వాడు లింగస్వామి.

నవ్వుతూనే పని మొదలుపెట్టాడు. పాత పేపరు ముక్క చించి తలుపు సందులో పెట్టి మూశాడు. లాగితే రాలేదు. రబ్బరు గట్టిగానే ఉందన్నమాట. ఐసు రాలే నోటి దగ్గరున్న చిన్న మూతను వేలితో ఆడించి చూశాడు. అదీ బాగానే పడుతోంది. అప్పుడు డబ్బా లాగి, సింకులో బోర్లించి, వెనక్కు తిప్పిన స్క్రూడ్రైవర్‌తో గడ్డను రెండు దెబ్బలు కొట్టాడు. అది నిలువునా చీలింది. ఒక చెక్క తీసుకుని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకున్నాడు.

"గిట్ల రా మేడం. అడుగున జూడు, తెల్లగ ఒక గీత ఉన్నదా? దాని మీద సాఫ్‌గ అద్దం తీరు. మళ్ల తెల్ల గీత. మళ్ల సాఫ్. ఒక్కసారి కరిగితే గిట్ల గాదు. పొద్దున కరగాలె, సాయంత్రం గట్టి పడాలె. మళ్ల తెల్లారి కరగాలె."

"అంటే ఫ్రిజ్ సరిగ్గ చల్లబడతలేదా?"

"చల్లబడకుంటే గడ్డే కాదు గద. ఫ్రిజ్ మంచిగుంది. దీనికి నడుమ నడుమ కరెంటే ఒస్తలేదు."

సాధనకు నవ్వొచ్చింది. "మా గల్లీల కరెంటు పోనే పోదన్నా. పోయినా పది నిమిషాలు."

"పది నిమిషాలకు ఐసు కరగదు మేడం. నాలుగైదు గంటలు బందుండాలె. గది గూడ మంచి ఎండల." లింగస్వామి గడ్డను సింకులో వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. "ఎవరన్న ప్లగ్గు గిట్ల తీస్తున్నరేమో."

"ఎవరు తీస్తరు? పగలు మా ఆయన ఇంట్లనే ఉంటడు."

లింగస్వామి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. సర్దుకుంటూ సర్దుకుంటూ ఆగి, గొంతు తగ్గించాడు. "దినాం పదిండ్లు తిరిగేటోన్ని. మిషిన్ సంగతి చెప్త గని ఇండ్ల సంగతులు చెప్ప. నువ్వొక పని జెయ్యి. మూడు ఐసు ముక్కలు దూరం దూరం స్టీలు పల్లెంల వెట్టి, ఫ్రీజర్ల పై అరల లోపట పెట్టు. రోజు ఇంటికొచ్చినంక జూడు. ఎట్ల పెట్టినవో అట్లనే ఉంటే నేను చెప్పింది తప్పు. నా మీద నవ్వు."

అతను పోయాక సాధన అట్లాగే చేసింది. మూడు ముక్కల్నీ వేలెడు దూరంలో పేర్చి, పచ్చి బఠాణీల ప్యాకెట్ వెనక దాచింది. ఎందుకు దాస్తున్నానని తనను తానే ప్రశ్నించుకుంది. ఆమాటకొస్తే జోయల్‌కు లింగస్వామి వచ్చిన సంగతీ చెప్పలేదు.

ఆదివారం జోయల్ చర్చికి పోయాడు, సాధన తండ్రి దగ్గర ఉండిపోయింది. సాయంత్రం పల్లెం తీసి చూస్తే మూడు ముక్కలూ మూడు దిక్కుల్లో, మూలలు మూలలుగా ఎట్లా పెట్టినవి అట్లాగే ఉన్నాయి. లింగస్వామి మీద నిజంగానే నవ్వుకుంది. మనసు తేలికపడి, గోడకున్న అమ్మ ఫొటో దించి తుడిచి, పాత దండ తీసి కొత్త పూసల దండ వేసింది. వచ్చే శనివారమే అమ్మ ఎలీశమ్మ జ్ఞాపకార్థ కూడిక. సాధనకు పదకొండేళ్లప్పుడు ఊళ్లో జ్వరంతో పోయిందట. అంటుజబ్బు, పిల్లలు రాకూడదని దేవానందం సాధనను తీసుకుపోలేదు. అప్పటినుంచి ఇరవై మూడేళ్లుగా, ఏటా మే నెలలో పాస్టరును పిలిచి, ప్రార్థన చేయించి, వచ్చినవాళ్లకు పులిహోర పెడతాడు. ఏటా లేచి నిలబడి, నా భార్య దేవునికి భయపడిన మనిషి అని మొదలుపెట్టి, సగంలో గొంతు పూడుకుపోయి కూర్చుండిపోతాడు. ఈ యేడు ఆ మాటలు ఎవరు చెప్పాలా అన్నదే ఆమె దిగులు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి పోయింది. పల్లెం తీసింది. మూడు ముక్కలు లేవు. మూలలన్నీ అరిగిపోయి, ఒకదాన్నొకటి ముట్టుకుని, పల్లేనికి అతుక్కుపోయిన ఒకే ఒక్క పెచ్చు ఉంది.

షిఫ్టులో ఉన్న జోయల్ చెవులకున్న హెడ్‌ఫోను ఒక పక్కకు జరిపాడు. "ఏమైంది సాధనా? గట్ల నిలబడ్డవ్?"

"ఇయ్యాల కరెంటు పోయిందా?"

"లేదే. మామా నేను మధ్యాన్నమంత పాత మ్యాచ్ చూసినం టీవీల. మామ మస్తు ఖుషీ అయిండు. కదా మామా?" అని లోపలి గదివైపు కేకేశాడు.

సాధన తండ్రి వైపు చూసింది. దేవానందం కళ్లు మూసుకున్నాడు.

జోయల్ అబద్ధం చెప్పడం కాదు ఆమెను కలవరపెట్టింది. అంత సులువుగా, అంత ముద్దుగా చెప్పడం. మ్యాచ్‌తో సహా, మామ ఖుషీతో సహా. ఇట్లాంటివి ఎన్ని విని మురిసిపోయానో అనుకునేసరికి, ఆ రాత్రి అన్నం కంచంలోనే వదిలేసి లేచింది.

మంగళవారం పదకొండున్నరకు తలనొప్పని చెప్పి ల్యాబులోంచి బయటపడింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఎండ మాడు పగలగొడుతోంది. మెట్రోలో కూర్చున్నంతసేపూ, ఇంట్లో జోయల్ ఉండాలి, నేను సిగ్గుపడాలి, ప్రభువా నేనే సిగ్గుపడేట్టు చెయ్యి అని మనసులో అనుకుంటూనే ఉంది.

మూడో అంతస్తు ఎక్కేసరికి గ్రిల్లుకు బయటినుంచి తాళం ఉంది.

తన దగ్గరున్న తాళంచెవితో తీసి లోపలికి అడుగు పెట్టింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాను చప్పుడు లేదు, ఫ్రిజ్ చప్పుడు లేదు. గుమ్మం పక్కన గోడకున్న పెట్టెలో మెయిన్ స్విచ్చు కిందికి దించి ఉంది.

దాన్ని చూడగానే సాధనకు అర్థమైపోయింది. జోయల్ చిన్నప్పుడు వాళ్లిల్లు సైదాబాద్‌లో ఉండేది. అతనికి తొమ్మిదేళ్లప్పుడు గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ మూడు గంటల ఆరాధనకు పోయారు. నడవలేని నాయనమ్మను ఇంట్లోనే ఉంచి, భద్రంగా ఉంటుందని బయట తాళం వేసుకుపోయారు. తిరిగొచ్చేసరికి షార్టు సర్క్యూటై ఇల్లు కాలిపోయింది. నాయనమ్మ తాళం వెనకే ఉండిపోయింది. ఆ రోజునుంచి ఆ కుటుంబంలో ఎవరైనా సరే, తాళం వేసే ముందు మెయిన్ దించాల్సిందే. పెళ్లయిన కొత్తలో పాల ప్యాకెట్టుకు పోతూ కూడా దించేవాడు. ఫ్రిజ్‌లో అన్నీ చెడిపోతున్నాయని సాధనే పోట్లాడి మాన్పించింది. మానేశాడనే అనుకుంది.

లోపల తాళం వెనక మనిషి ఉన్నప్పుడు మాత్రం ఆ చెయ్యి ఆగదు. ఆమెకు తెలియాల్సింది.

"నాయినా!" అని లోపలికి పరిగెత్తింది.

కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఊచలకు తడితువ్వాలు కట్టి ఉంది, అదీ ఎండిపోయింది. దేవానందం బనీనుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడంతా చెమట. సాధన పరుపు మీద చెయ్యి వేసి చూసింది. అది గాలి పరుపు. మంచం కింద చిన్న మోటారు ఇరవై నాలుగు గంటలూ గాలి నింపుతూ, తీస్తూ ఉంటేనే వీపు మీద ఒకేచోట బరువు పడకుండా ఉంటుంది. ఇప్పుడది చప్పగా చదునైపోయి, మనిషి చెక్క మీద పడుకున్నట్టే ఉన్నాడు. ఆ వీపుకు మూడు వారాల కింద పుండు పడింది. మోటారు పగలంతా నడుస్తోందా అని డాక్టరు అడిగితే, నడుస్తోందని తనే గట్టిగా చెప్పింది. పుండు ఎందుకు పడిందో జోయల్ చెప్పాడు కదా, అదంతా కిష్టమ్మ నిర్వాకమని, అప్పటిది ఇప్పుడు బయటపడిందని. తను నమ్మింది. నమ్మి, ఆ ముసలిదానికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. "నేనట్ల చెయ్యలే బిడ్డా" అని ఆమె ఏడుస్తుంటే ఫోను పెట్టేసింది.

తండ్రిని పక్కకు తిప్పి, వీపు కింద దిండ్లు పెట్టి, తడిబట్టతో ఒళ్లు తుడిచింది. ఎడమ చెయ్యిని తన చేతిలోకి తీసుకుంది.

"రోజు పోతడా నాయినా?"

ఒకసారి నొక్కాడు.

"అన్నం పెట్టి పోతడా?"

ఒకసారి.

"టీవీ, మ్యాచ్, అదంత అబద్ధమా?"

కొంచెం ఆగి, ఒకసారి.

అప్పుడే ఆమె సంచీలో ఫోను టింగుమంది. తీసి చూసింది. సరిగ్గా ఒంటిగంట. జోయల్ పంపిన ఫొటో. నీలం గళ్ల చొక్కాలో దేవానందం, నోటి దగ్గర చెంచా. కింద "మామ లంచ్ అయిపోయింది, నువ్వు తిన్నవా?" అని ఉంది.

సాధన ఫొటోను చూసింది. పక్కనే బనీనుతో పడుకున్న తండ్రిని చూసింది. మళ్లీ ఫొటోను చూసింది.

రోజూ ఒంటిగంటకు వచ్చే ఫొటో ఇది. ల్యాబులో టిఫిన్ డబ్బా విప్పుకుంటూ, పక్కమ్మాయికి చూపించి, అన్నం తిన్నంత తృప్తి పడే ఫొటో. వేలితో వెనక్కు జరుపుకుంటూ పోయింది. నిన్న తెల్ల చొక్కా. మొన్న శుక్రవారం బిస్కట్ రంగు. గురువారం చారలది. ప్రతి ఫొటోలోనూ తండ్రి తల వెనక గోడ మీద ఎండ పడుతోంది, కేలెండరు సగానికి. తలెత్తి చూస్తే ఇప్పుడా గోడ మీద ఎండ లేదు. అది తూర్పు కిటికీ. ఎండ తొమ్మిది దాటితే ఉండదు.

సోమవారం సోమవారం ఉతికే బట్టల్లో నాన్న చొక్కాలు అన్నేసి ఎందుకుంటున్నాయని ఒకసారి అడిగింది. చెమట పట్టినప్పుడల్లా మారుస్తున్నానన్నాడు. ఆ పూట అతని తల నిమిరి, చర్చిలో పదిమందికి చెప్పుకుంది.

"ఒక్క పొద్దుగాలనే అంగీలన్ని మార్చి మార్చి ఫొటోలు తీసిండా నాయినా? వారానికి సరిపడా?"

ఒకసారి నొక్కాడు.

ఒక్కపక్క పడిపోయిన మనిషికి ఒక్క చొక్కా తొడగాలంటేనే ప్రాణం మీదికొస్తుంది. భుజం మెల్లగా ఎత్తాలి, పిడికిలి విప్పాలి, చెయ్యి దూర్చాలి. ఆ నొప్పికి నాన్న మొహం ఎట్లా అవుతుందో ఆమెకు తెలుసు. ఒక్క పూటలో అయిదుసార్లు! తనను మోసం చెయ్యడానికి ఆయన ఒళ్లు వాడుకున్నాడు.

"ఇన్ని దినాలు నాకు చెప్పాలని ఎంత కొట్టుకున్నవో నాయినా. నాకే సమజ్ కాలే," అని ఏడ్చింది.

రెండుసార్లు నొక్కాడు.

సాధన ఏడుపు ఆపి చూసింది. చెయ్యి అలసిపోయి తడబడిందేమో అనుకుంది. "నాకు చెప్పాలనుకున్నవు కదా?"

మళ్లీ రెండుసార్లు. ఈసారి గట్టిగా.

చెయ్యి వదిలేసి, లేచి, హాల్లో మెయిన్ పెట్టెకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. స్విచ్చు ముట్టుకోలేదు.

రెండున్నరకు గ్రిల్లు చప్పుడైంది. తాళం తీసి ఉండటం చూసి జోయల్ కంగారుగా తోసుకొచ్చాడు. ఎండలోంచి వచ్చిన కళ్లకు లోపల ఏమీ కనపడినట్టు లేదు. అలవాటు కొద్దీ చెయ్యి పైకి పోయి స్విచ్చు ఎత్తింది. ఒక్కసారిగా ఫ్యాన్లు, లైటు, లోపల పరుపు మోటారు, వంటింట్లో ఫ్రిజ్, అన్నీ లేచాయి. ఆ వెలుగులో ఎదురుగా భార్య కనిపించింది.

అతని చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారియరుంది.

"నువ్వేంది ఈ టైంల..."

"మామ లంచ్ అయిపోయింది జోయల్. నువ్వు తిన్నవా?" అంది సాధన.

అతను క్యారియరు కింద పెట్టాడు.

"రెండు నెలలు," అంది. గొంతు పెంచలేదు. పెంచితే ఆగనని ఆమెకే తెలుసు. "రెండు నెలలు మా నాయినను తాళంల వెట్టి పోయినవు. కిష్టమ్మ ఉంటే నాకు చెప్తదని, దొంగ మాటలు జెప్పి వెళ్లగొట్టిచ్చినవు. నా నోటితోని తిట్టిచ్చినవు. నువ్వు మెయిన్ బందు వెడితే ఆ పరుపుల గాలి ఉంటదా? ఆ పుండు ఎట్లయిందనుకున్నవు?"

"పరుపా?" అన్నాడు జోయల్. ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. లోపలి గదివైపు, మోటారు చప్పుడు వైపు చూశాడు. గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. "సాధనా, దేవుని తోడు, నాకు యాదికే రాలే. మంటలు లేస్తయేమో, మామ లోపట ఉన్నడని, అదొక్కటే భయం. గా మోటర్ సంగతి... నేను జేసిన్నా అది? మామకు నేను జేసిన్నా?"

రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంకో రోజైతే సాధన పోయి పక్కన కూర్చునేది. ఇప్పుడు కుర్చీలోనే ఉండిపోయింది.

"అది భయం. ఒప్పుకుంట. మరి అంగీలో? అది గూడ భయమేనా?" కుర్చీలోంచి లేచి క్యారియరు మూత తీసింది. అడుగు గిన్నెలో కొంచెం మిగిలిన మెత్తటి పప్పన్నం, పక్కనే చిన్న చెంచా. పొద్దున తను నాన్నకోసం వండిపెట్టిన పప్పే అది. "ఎవరామె?"

"నువ్వనుకునేటట్టు కాదు."

"నేనేమనుకోవాల్నో గది గూడ నువ్వే చెప్తవా? ఎవరామె?"

జోయల్ ముఖం తుడుచుకున్నాడు. "ఎల్బీనగర్ల ముసలోళ్ల హోమ్ ఉన్నది. నీ ల్యాబు ఎనక రెండో గల్లీల. మార్చిల మామ ఫోనుకు ఆడికెల్లి కాల్ ఒచ్చింది, నేను ఎత్తిన. దినాం ఒచ్చే సారు రెండు నెలల సంది ఒస్తలేడు, ఆమె ఎవ్వరి చేతుల తింటలేదు, ఎండిపోతుంది అన్నరు. మామనడిగిన. పొమ్మన్నడు."

"మామ పొమ్మన్నడా!" సాధనకు ఒళ్లు మండిపోయింది. "నోరు లేని మనిషి మీదికి తోస్తున్నవా? సిగ్గు లేదా నీకు?"

"నీకు చెప్పొద్దన్నడు గూడ. తలకాడి బైబిల్ మీద నా చెయ్యి గుంజి వెట్టి, దాని మీద ఆయన చెయ్యి వెట్టిండు. నేను చెప్తనని లేవవోతే ఇడిసిపెట్టలే. ఏడ్చిండు సాధనా. మాట ఇచ్చేదాక ఇడిసిపెట్టలే." జోయల్ తలెత్తాడు. "ఆమె ఎవరో నేను చెప్ప. నన్ను వెళ్లగొట్టు, కొట్టు. గదొక్కటి మాత్రం మామనే అడుగు."

నాన్న రిటైరయ్యాక రోజూ మధ్యాహ్నం చర్చి సంఘం పనని బయటికి పోయేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. చేతిలో ఒక సంచీ ఉండేది. అందులో ఏముందని ఆమె ఎన్నడూ అడగలేదు. ఆ సంచీ ఇప్పుడు సాధనకు గుర్తొచ్చింది.

లోపలికి పోయింది. పరుపు మెల్లమెల్లగా లేస్తోంది. మంచం అంచున కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకుంది. ఇందాక ఆ చెయ్యి రెండుసార్లు ఎందుకు నొక్కిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆయన చెప్పలేక కాదు, చెప్పొద్దనుకుని ఊరుకున్నాడు. వీపు పుండుపడుతున్నా, ఎండకు ఉడికిపోతున్నా, అల్లుడు అయిదు చొక్కాలు మార్చి హింసపెట్టినా, కూతురికి తెలియకూడదని ఓర్చుకున్నాడు. ఆమె నమ్మిన మగవాళ్లు ఈ లోకంలో ఇద్దరే. ఆ ఇద్దరూ ఒక్కటయ్యారు.

"జోయల్ చెప్పింది నిజమేనా?"

ఒకసారి నొక్కాడు.

"నీకు ఇంకో మనిషి ఉన్నదా నాయినా? అమ్మ పోయినంక... ఎవర్నన్న చేసుకున్నవా?"

రెండుసార్లు. వెంటనే.

"మరెవరు? మన చుట్టాలా? నాకు ఎర్కేనా ఆమె?"

చెయ్యి కదల్లేదు. సాధన ఆయన ముఖంలోకి వంగింది. ఆయన ఆమెను చూడటం లేదు. ఆమె భుజం మీదుగా, తెరిచి ఉన్న తలుపులోంచి, హాల్లో గోడ వైపు చూస్తున్నాడు. సాధన మెల్లగా తల తిప్పింది. అక్కడ గోడ మీద ఒకే ఒక్కటి ఉంది. ఆదివారం తన చేతులతో తుడిచి, కొత్త పూసల దండ వేసిన ఫొటో.

ఇరవై మూడు పులిహోరలు. ఇరవై మూడుసార్లు సగంలో పూడుకుపోయిన గొంతు. ఎన్నిసార్లు అడిగినా చూపించని సమాధి.

అడగకుండా లేచిపోదామనుకుంది. శనివారం ప్రార్థనకు పాస్టరుకు చెప్పేశాం, చుట్టాలకు చెప్పేశాం, అన్నీ ఎట్లా ఉన్నవి అట్లాగే ఉండనీ అనుకుంది. కానీ నాలుక ఆగలేదు.

"నాయినా, అమ్మ బతికే ఉన్నదా?"

ఎడమ చెయ్యి ఆమె అరచేతిని ఒకసారి నొక్కింది.

సాధన రెండో నొక్కు కోసం చూసింది. పైన ఫ్యాను తిరుగుతోంది, మంచం కింద మోటారు గాలి నింపుతోంది, దేవానందం కంటి కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. రెండో నొక్కు రాలేదు.